వృథాయైన ఓటు ఏది?

ధ్యాన పాఠము: న్యాయాధిపతులు 9:1–21, రోమా 14:1–12



ఎన్నికలు వచ్చి పోయినప్పుడెల్ల మన గ్రామ సంఘములలో ఒక వాదము మిగిలిపోవుచున్నది. తెనాలి చుట్టుపట్ల పల్లెలలోగాని, బాపట్ల కాలువల క్రింది ఊళ్లలోగాని, రేపల్లె లంకలలోగాని ఈ వాదము విననివారు అరుదు. ఒకరు, "గెలువనివానికి వేసిన ఓటు బూడిదలో పోసిన పన్నీరు. గెలువగల ఇద్దరిలో కొంచెము మేలైన వానికి వేయవలెను" అందురు. రెండవవారు, "ఆ ఇద్దరిలో ఎవరును నాకు నచ్చలేదు. నచ్చిన మూడవవాడు ఎదుటనే ఉండగా నచ్చనివానికి ఏల వేయవలెను?" అందురు. ఫలితములు వచ్చిన తరువాత ఈ మాటలు ఇంకను కఠినమగును. "మీరు ఓట్లు చీల్చినందువలననే మనము ఓడిపోయితిమి" అని ఒకే బల్లమీద కూర్చుండువారు ఒకరినొకరు నిందించుకొందురు. మాటలు మానివేసిన కుటుంబములును కలవు.

కావున ఈ నెల పాఠములో ఈ సంగతిని నెమ్మదిగా ఆలోచింతము. ఏ పార్టీ మంచిది, ఏ పార్టీ చెడ్డది అని చెప్పుట ఈ పాఠము పని కాదు. ఓటు ఎట్లు పనిచేయుచున్నదో తెలిసికొని, ఎవరి ఓటు వృథా, ఎవరి ఓటు వృథా కాదు అని న్యాయముగా విచారించుటయే దీని ఉద్దేశము.

1. చెట్లు రాజును వెదకిన కథ

గిద్యోను చనిపోయిన తరువాత అతని కుమారుడైన అబీమెలెకు తన తల్లి ఊరైన షెకెమునకు పోయి, మేనమామల ద్వారా జనులకు ఒక ప్రశ్న వేయించెను. డెబ్బదిమంది మిమ్మును ఏలుట మేలా, ఒక్కడు ఏలుట మేలా అనియు, నేను మీ రక్తసంబంధినని మరువకుడనియు ఆ ప్రశ్న సారాంశము. "మనవాడు" అను మాట అక్కడ పనిచేసెను. తరువాత గుడి ధనములోనుండి డెబ్బది వెండి నాణెములు చేతులు మారెను. ఆ వెండితో అతడు పనిపాటలు లేని అల్లరి మనుష్యులను కూలికి పెట్టుకొనెను, తన సహోదరులను చంపించెను. తప్పించుకొనిన చిన్నవాడు యోతాము గెరిజీము కొండ ఎక్కి, చెట్లు రాజును వెదకిన కథను షెకెమువారికి చెప్పెను.

చెట్లు మొదట ఒలీవ చెట్టును అడిగెను, తరువాత అంజూరపు చెట్టును, ఆ తరువాత ద్రాక్షావల్లిని అడిగెను. ఆ మూడును తమ తమ పనిని విడిచి రాలేమనెను. చివరకు ముండ్లపొదను అడుగగా అది వెంటనే ఒప్పుకొని, తన నీడకు రానియెడల నిప్పు పుట్టి లెబానోను దేవదారులను సహితము కాల్చునని బెదరించెను.

ఈ కథలో మన వాదము యొక్క రెండు ప్రక్కలును కనబడుచున్నవి. గెలువగలవానికే ఓటు అను సహోదరుడు ముండ్లపొద నిప్పును చూచి భయపడుచున్నాడు. "ఆ నిప్పును ఆపగలవాడు ఎవడైతే వానికే నా ఓటు" అనుచున్నాడు. అతని భయము అబద్ధము కాదు. షెకెము గోపురములోని వారు నిజముగా అగ్నిలో చనిపోయిరి (9:49). మూడవవానికే ఓటు అను సహోదరుడు ఒలీవ చెట్టును చూచుచున్నాడు. "ఓడిపోదునని తెలిసియు ఒక మంచివాడు నిలువబడినప్పుడు మనమును అతనిని విడిచిపెట్టినయెడల, రేపు ఏ మంచివాడు నిలువబడును?" అనుచున్నాడు. అతని మాటయు అబద్ధము కాదు.

ఇంకొక సంగతి గమనింపుడు. షెకెము పాపము, ఉన్నవారిలో ఒకనిని ఎన్నుకొనుటలో లేదు. "మనవాడు" అని విచారణ మానివేయుటలోను, డెబ్బది వెండి నాణెములలోను అది మొదలాయెను. ఈ మాటను జ్ఞాపకముంచుకొని ముందుకు పోదము.

2. లెక్క ఎట్లున్నది

మన దేశములో శాసనసభకును లోక్‌సభకును జరుగు ఎన్నికలలో నియమము మిక్కిలి సులభము. అందరికంటె ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడు గెలుచును. సగముకంటె ఎక్కువ రావలెనను నియమము లేదు.

ఒక ఊరిలో నూరుమంది ఓటర్లున్నారనుకొనుడు. మొదటివానికి 40, రెండవవానికి 35, మూడవవానికి 25 వచ్చినవి. మొదటివాడు గెలిచెను. అయితే 60 మంది అతనిని కోరలేదు. మూడవవానికి వేసిన 25 మందిలో 15 మందికంటె ఎక్కువమంది, తమవాడు లేనియెడల రెండవవానిని కోరుకొనువారైతే, ఊరు నిజముగా కోరినవాడు ఓడిపోయినట్లే. "ఓట్లు చీలినవి" అని జనులు చెప్పుకొనునది ఇదియే.

ఇది కేవలము ఊహ కాదు. 2009లో మన ఉమ్మడి రాష్ట్ర శాసనసభ ఎన్నికలలో మూడు పెద్ద పక్షములు పోటీపడినవి. కాంగ్రెసునకు నూటికి దాదాపు 37 ఓట్లు వచ్చినవి. 294 స్థానములలో 156 దొరికినవి. క్రొత్తగా వచ్చిన ప్రజారాజ్యము పార్టీకి నూటికి దాదాపు 16 ఓట్లు వచ్చినను 18 స్థానములే దొరికినవి. అనగా ఓట్లలో ఆరవ వంతు వచ్చినవారికి స్థానములలో పదియారవ వంతు మాత్రమే వచ్చినది.

రెండవ స్థానములో ఉన్నవారికి కూడ ఈ నియమము దయ చూపదు. 2019లో మన రాష్ట్రములో తెలుగుదేశము పార్టీకి నూటికి 39 ఓట్లు వచ్చి, 175 స్థానములలో 23 దొరికినవి. 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పార్టీకిని నూటికి 39 ఓట్లే వచ్చినవి. దొరికిన స్థానములు 11. ఓట్లు ఇంచుమించు ఒక్కటే. స్థానములు వేరు, ఏలయనగా ఎదుటివారు 2019లో విడివిడిగా నిలిచిరి, 2024లో ఒక్కటై నిలిచిరి.

మారిస్ డ్యువెర్జే అను ఫ్రెంచి పండితుడు 1951లోనే ఈ సంగతిని ఒక గ్రంథములో వివరించెను. ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే గెలుచు నియమమున్నచోట, కాలక్రమమున పోటీ రెండు పక్షముల మధ్యకు వచ్చునని ఆయన చెప్పెను. మూడవ పక్షమునకు ఓట్లకు తగిన స్థానములు దొరకవు గనుకను, దొరకవని ఎరిగిన ఓటర్లు క్రమముగా దానిని విడిచిపెట్టుదురు గనుకను అట్లు జరుగునని ఆయన భావము. ఇది ప్రతిచోట నూటికి నూరుపాళ్లు జరుగునది కాదు. అయినను మన సహోదరుడు "ఓటు వృథా చేయకుము" అని చెప్పునప్పుడు, అతడు పేరు తెలియకయే ఈ సంగతిని చెప్పుచున్నాడు.

3. తెనాలిలో జరిగినది

మన కన్నులయెదుట జరిగిన దానిని చూతము. 2019లో తెనాలి శాసనసభ స్థానమునకు ముగ్గురు ముఖ్యులు పోటీచేసిరి. వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమున శ్రీ అన్నాబత్తుని శివకుమార్ గారు 17,600 పైచిలుకు ఓట్ల ఆధిక్యముతో గెలిచిరి. తెలుగుదేశము పక్షమున శ్రీ ఆలపాటి రాజేంద్రప్రసాద్ గారు రెండవవారైరి. జనసేన పక్షమున శ్రీ నాదెండ్ల మనోహర్ గారు దాదాపు 30 వేల ఓట్లతో మూడవవారైరి. మూడవవారి ఓట్లు మొదటివారి ఆధిక్యముకంటె ఎక్కువ.

అప్పుడు అనేకులు వెంటనే, "మూడవవారే రెండవవారిని ఓడించిరి" అనిరి. ఇది న్యాయమైన మాటయా? లెక్క వేసి చూడుడు. మూడవవారు పోటీలో లేనియెడల, ఆ 30 వేలమందిలో కొందరు మొదటివారికి, కొందరు రెండవవారికి వేయుదురు; కొందరు ఇంటనే ఉందురు. ఒక్కరైనను ఇంట ఉండక అందరును వచ్చిరనుకొన్నను, రెండవవారు గెలుచుటకు ఆ 30 వేలలో దాదాపు 24 వేలు వారికే రావలెను, 6 వేలకు మించి మొదటివారికి పోరాదు. అనగా అయిదుగురిలో నలుగురు ఒకే వైపు నడువవలెను. అట్లు నడిచియుందురో లేదో ఎవరు చెప్పగలరు? కావున "నీ వలననే ఓడిపోయితిమి" అను నింద, ఓట్ల లెక్క చూచినంత మాత్రమున రుజువు కాదు.

దూరదేశములోను ఇట్టి నింద ప్రసిద్ధమైనది. 2000 సంవత్సరములో అమెరికా అధ్యక్ష ఎన్నిక ఫ్లోరిడా రాష్ట్రములో 537 ఓట్ల తేడాతో తేలెను. అక్కడ మూడవవాడైన రాల్ఫ్ నేడరుకు 97 వేలకు పైగా ఓట్లు వచ్చినవి. ఓటమికి అతడే కారకుడని కొందరు, కాడని కొందరు చాలకాలము వాదించుకొనిరి.

తెనాలి కథ అంతటితో ముగియలేదు. 2024లో తెలుగుదేశము, జనసేన, భారతీయ జనతా పార్టీలు పొత్తు పెట్టుకొనినవి. తెనాలి స్థానము జనసేనకు వచ్చినది. ఆలపాటివారు పోటీనుండి తప్పుకొనిరి. 2019లో మూడవవారైన మనోహర్ గారు 48 వేలకు పైగా ఆధిక్యముతో గెలిచిరి. ఆ ఏడు రాష్ట్రమంతటను జనసేన నిలిచిన 21 స్థానములలోను గెలిచెను. 2019లో గెలిచినది రాజోలు ఒక్కటియే. 2019లో మూడవవారికి వేసిన ఓట్లు అప్పుడు ఎవరిని గెలిపింపలేదు. కాని పొత్తు మాట వచ్చినప్పుడు ఆ పక్షమునకు విలువ కట్టుటకు ఆ ఓట్లు ఒక కారణమని అనుకొనుట అన్యాయము కాదు. ఓడిన ఓటు కూడ లెక్కలో ఉండును.

అయితే దీనికి మరియొక ముఖము కలదు. 2009లో పెద్ద పార్టీలు రెండును వద్దని ప్రజారాజ్యమునకు వేసినవారు లక్షలమంది. 2011లో ఆ పార్టీ కాంగ్రెసులోనే కలిసిపోయినది. మూడవవానికి వేయువారు ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టుకొని చూడవలెను.

4. నాయకులు వేయవలసిన లెక్క

మన పెద్దల కాలములోను ఇట్టిదే జరిగినది. 1952 ఎన్నికలలో ఉమ్మడి మద్రాసు రాష్ట్రపు తెలుగు జిల్లాలలో కాంగ్రెసు వేరుగను, ఆచార్య రంగాగారి కృషికార్ లోక్ పార్టీ వేరుగను, ప్రకాశం పంతులుగారు ఉన్న కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీ వేరుగను నిలిచినవి. అక్కడి 140 స్థానములలో కమ్యూనిస్టులు 41 గెలిచిరి. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడెను. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము అవిశ్వాస తీర్మానముతో పడిపోయెను. 1955 ఫిబ్రవరిలో మరల ఎన్నికలు వచ్చినప్పుడు కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశంగారి ప్రజాపార్టీ ఏకమై ఒక్కొక్క స్థానమునకు ఒక్కరినే నిలిపినవి. ఫలితము: 196 స్థానములలో ఆ కూటమికి 146. కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు వచ్చినను స్థానములు 15 మాత్రమే.

ఎవరు గెలుచుట మేలాయెను, ఎవరు ఓడుట కీడాయెను అనునది ఇక్కడ మన ప్రశ్న కాదు. 1955లోను 2024లోను చీలికను ఆపినవారు నాయకులు. ముందుగా కూర్చుండి మాటలాడుకొని, ఒకరు తగ్గి మరియొకరికి దారి ఇచ్చిరి. 1952లోను 2019లోను నాయకులు ఆ పని చేయలేదు. అప్పుడు ఆ భారము ఎవరి మీద పడినది? ఒంటరిగా యంత్రము ఎదుట నిలుచు ఓటరు మీద పడినది. పొలము పని మాని వచ్చి, ఎండలో వరుసలో నిలిచిన కూలివాడు, "నాకు నచ్చినవానికి వేయుదునా, గెలువగలవానికి వేయుదునా" అని తల పట్టుకొనవలసి వచ్చినది. నాయకులు విప్పవలసిన ముడిని విప్పలేదని ఓటరును నిందించుట ఎట్టి న్యాయము?

నియమము మారినయెడల ఈ చిక్కు చాలవరకు తీరును. ఇది ఎక్కడనో ఉన్న సంగతి కాదు. కృష్ణా–గుంటూరు పట్టభద్రుల స్థానమునుండి శాసనమండలికి ఎన్నిక జరుగునప్పుడు, తెనాలి, బాపట్ల, రేపల్లెలలోని పట్టభద్రులు ఓటు పత్రము మీద 1, 2, 3 అని వరుస అంకెలు వేయుదురు. మొదటి అంకెలు సగముకంటె ఎక్కువ ఎవరికిని రానప్పుడు, అందరికంటె తక్కువ వచ్చినవానిని తీసివేసి, అతనికి వేసినవారి రెండవ అంకె ఎవరికున్నదో వారికి ఆ ఓటును చేర్చుదురు. కావున అక్కడ నచ్చినవానికి 1 వేసి, గెలువగలవానికి 2 వేయవచ్చును. రెండు కోరికలును నిలుచును. 2025 ఫిబ్రవరిలో ఈ పద్ధతినే జరిగిన ఎన్నికలో ఆలపాటివారు గెలిచిరి. ఆస్ట్రేలియా దేశములో 1918 నుండి సామాన్య ఎన్నికలలోను వరుస అంకెల పద్ధతియే ఉన్నది. మన ఊరిలో బి.ఏ. చదివిన కుమారునికి రెండవ అంకె ఉన్నది. అతనిని చదివించిన తండ్రికి ఒకే మీట ఉన్నది. ఉన్న నియమములోనే ఆ తండ్రి తన ఓటును ఎట్లు వాడుకొనవలెను?

5. ఇరువురి వాదములు

గెలువగలవానికి వేయుమను సహోదరుడు సామెతలు 22:3 చూపును. వివేకి అపాయమును ముందే చూచి తప్పుకొనునని అక్కడ బోధింపబడినది. "నా ఓటు నా పవిత్రతను చూపుకొనుటకు కాదు. రేషను, ఇంటిస్థలము, కూలి, రక్షణ వీటిమీద బ్రదుకు బీదవారి మేలు కొరకు అది. ఎక్కువ కీడు చేయువాడు రాకుండుటకు తక్కువ కీడు చేయువానిని ఎన్నుకొనుట ప్రేమ ధర్మమే" అని అతని వాదము. ఇది బలమైన వాదము. అధికారము ఎవరి చేతికి పోయినను నష్టపడనివాడు ధనవంతుడే. బీదవానికి తేడా రూపాయలలోను, కొన్నిసార్లు ప్రాణములోను కనబడును.

మూడవవానికి వేయుమను సహోదరుడు నిర్గమకాండము 23:2 చూపును. ఎక్కువమంది చేయుచున్నారని చెడ్డ త్రోవలో వారిని వెంబడింపరాదని అక్కడ ఆజ్ఞ ఉన్నది. "ప్రతిసారి తక్కువ కీడు అనుచు పోయినయెడల కీడు ఎన్నడును తగ్గదు. నా ఓటు ఎట్లును తమకే వచ్చునని వారెరిగినప్పుడు నన్ను ఏల లెక్కచేయుదురు? పార్టీలు చిన్నవిగానే మొదలగును" అని అతని వాదము. ఇదియు బలమైనదే. చిన్న పక్షమునకు వచ్చు ఓటు చట్టములోను లెక్కకు వచ్చును. రాష్ట్ర పార్టీగా గుర్తింపు వచ్చుటకు ఉన్న మార్గములలో రెండు ఇవి: శాసనసభ ఎన్నికలలో చెల్లిన ఓట్లలో నూటికి 6 వచ్చి 2 స్థానములు గెలుచుట, లేదా స్థానమొక్కటియు లేకున్నను నూటికి 8 ఓట్లు తెచ్చుకొనుట. గుర్తింపు వచ్చినయెడల రాష్ట్రమంతట ఒకే గుర్తు దక్కును.

"అందరును వద్దు" అను మీటను గూర్చి ఒక మాట. నోటా అనబడు ఈ మీట 2013లో సుప్రీంకోర్టు తీర్పు వలన వచ్చినది. అది మన అసమ్మతిని తెలుపును గాని ఫలితమును మార్చదు. నోటాకు అందరికంటె ఎక్కువ ఓట్లు వచ్చినను, అభ్యర్థులలో ఎక్కువ వచ్చినవాడే గెలిచినట్లు ప్రకటింపబడును. మూడవవానికి వేసిన ఓటు ఒక మనుష్యుని, ఒక పక్షమును నిలుపును. నోటా ఎవరిని నిలుపదు. ఇది తెలిసి వాడుకొనవలెను.

కావున ఇరువురి వాదములోను సత్యము కలదు. ఓటుకు రెండు పనులున్నవి: ఇప్పుడు పాలించువానిని ఏర్పరచుట ఒకటి, మనము కోరునది ఏమో తెలియజేయుట రెండవది. ఒక ఎన్నికలో మొదటి పని అవసరము, మరియొక ఎన్నికలో రెండవ పని అవసరము. ఎప్పుడు ఏది అవసరమో విచారింపక, ఎల్లప్పుడు ఒక్కటే సరి అని పంతము పట్టుటయే పొరపాటు.

6. ఓటు వేయుటకు ముందు అడుగవలసిన నాలుగు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: మన నియోజకవర్గములో నిజముగా గెలువగలవారు ఎవరు? ఈ సంగతి నాకెట్లు తెలిసినది? జెండా మోయువాని మాట సాక్ష్యము కాదు. రాష్ట్రమంతట వీచు గాలి ఒకటి, మన చోటి లెక్క ఒకటి. 2019లో తెలుగుదేశమునకు రాష్ట్రమంతట 23 స్థానములే వచ్చినను వాటిలో రేపల్లె ఒకటి. అదే దినమున, రేపల్లె కూడ చేరియున్న బాపట్ల లోక్‌సభ స్థానమును వై.ఎస్.ఆర్. కాంగ్రెసు గెలిచెను. తెనాలిలో శాసనసభకు వై.ఎస్.ఆర్. కాంగ్రెసు గెలువగా, తెనాలి చేరియున్న గుంటూరు లోక్‌సభ స్థానమును తెలుగుదేశము కొద్ది వేల ఓట్లతో గెలిచెను. ఒకే దినమున రెండు యంత్రముల ఎదుట నిలుచువాడు రెండు వేరు లెక్కలు వేయవలెను. ఫారము 20 అను పత్రములో గత ఎన్నికలలో ఏ పోలింగు కేంద్రమున ఎవరికెన్ని ఓట్లు వచ్చినవో ఎన్నికల అధికారులు ప్రకటించుదురు. చదువుకొనిన యౌవనులు దానిని తెచ్చి పెద్దలకు చదివి చెప్పవచ్చును.

రెండవ ప్రశ్న: గెలువగల ఇద్దరి మధ్య తేడా ఎంత? ఒకడు వచ్చినయెడల బలహీనులకు నిజముగా హాని కలుగునని తోచినప్పుడు, వానిని ఆపగలవానికి ఓటు వేయుట వివేకము. అందులో సిగ్గుపడవలసినది లేదు. ఇద్దరును ఒకే తాను గుడ్డలని తోచినప్పుడు, ఇద్దరిలో ఒకనికి వేయకున్న ఓటు వృథా యను మాటకు బలము లేదు.

మూడవ ప్రశ్న: ఆ మూడవవాడు ఎట్టివాడు? తనంతట తాను నిలిచెనా, లేక మన ఓట్లు చీల్చుటకు ఒక పెద్ద పక్షమువారు డబ్బిచ్చి నిలిపిరా? ఇది పంచాయతీ ఎన్నికలలో మరింత జాగ్రత్తగా చూడవలసినది. అక్కడ పార్టీ గుర్తులుండవు. మన పేటలోనివానినే ఒకనిని నిలిపి, "మనవాడు" అనిపించి, పేట ఓట్లు రెండుగా చీల్చుట సులభము. అబీమెలెకు మాటయు అదియే గదా. ఎన్నికకు ముందు అతడు మన కష్టములలో కనబడెనా? ఓడిపోయిన తరువాతను ఊరిలో ఉండునా? నిర్గమకాండము 18:21లో మోషే మామ అధికారులకు చెప్పిన గుణములను తీసికొని చూడుడు: సామర్థ్యము, దైవభయము, సత్యము, లంచమును అసహ్యించుకొనుట. పెద్ద పక్షమువానిని కొలిచిన కోలతోనే చిన్న పక్షమువానిని కూడ కొలువవలెను.

నాలుగవ ప్రశ్న: నా చేయి శుభ్రముగా ఉన్నదా? రాత్రివేళ తలుపు తట్టి ఇచ్చు నోట్లు షెకెములోని వెండి నాణెముల వంటివే. ఓటుకు డబ్బు ఇచ్చుటయు తీసికొనుటయు చట్టమునుబట్టి నేరము. "అందరి దగ్గర తీసికొని నాకు నచ్చినవానికి వేసితిని" అను మాట మన ఊళ్లలో వినబడుచున్నది. ఆ మాట చెప్పినవాడు రేపు కాలువకు నీరు రాలేదని అడుగబోయినప్పుడు, "నీకు ఇచ్చివేసితిమి గదా" అను జవాబు వినవలసివచ్చును.

7. సంఘములో మన నడవడి

రోమా పత్రిక 14వ అధ్యాయములో అపొస్తలుడు, తినుటను గూర్చియు దినములను గూర్చియు సంఘములో పుట్టిన భేదములను విచారించుచు, ప్రతివాడు తన మనస్సులో నిశ్చయము కలిగియుండవలెననియు, మరియొకని సేవకునికి తీర్పు తీర్చరాదనియు బోధించుచున్నాడు. ఓటు విషయములోను ఈ బోధ మనకు తగియున్నది. ఒక సహోదరుడు విచారించి గెలువగలవానికి వేసినయెడల అతనిని "అవకాశవాది" అనకుడు. ఒక సహోదరి విచారించి మూడవవానికి వేసినయెడల ఆమెను "చీలిక తెచ్చినది" అనకుడు. ఎవరికి వేసితివని అడిగి ఒత్తిడి చేయుటయు తగదు. ఓటు రహస్యమైనది; చెప్పుమని ఎవరిని బలవంతము చేయుటకు చట్టము ఒప్పదు. భర్త భార్యను, పెద్దలు కూలివారిని బలవంతము చేయుటయు అట్టిదే.

కాపరులకును పెద్దలకును ఒక మాట. ప్రసంగ పీఠము నుండి "ఫలానివానికే వేయుడు" అని ఆజ్ఞాపించుట సంఘమును చీల్చును. మతము పేరిట ఓటు అడుగుట 1951 ప్రజాప్రాతినిధ్య చట్టములో అక్రమ ఆచరణగా చెప్పబడినది. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ఓటరు మతము పేరిట అడిగినను అది ఆ చట్టము క్రిందికి వచ్చునని అధికసంఖ్యాకుల తీర్పుగా చెప్పెను. కాపరి చేయదగినది, ఓటర్ల జాబితాలో పేరు లేనివారికి పేరు చేర్పించుటలో సహాయపడుట, లెక్కను వివరించుట, డబ్బు తీసికొనవద్దని చెప్పుట.

మరి వృథాయైన ఓటు ఏది? విచారించి గెలువగలవానికి వేసిన ఓటు వృథా కాదు. విచారించి మూడవవానికి వేసిన ఓటును వృథా కాదు. అమ్ముకొనిన ఓటు వృథా. అడుగక, ఆలోచింపక, "మనవాడు" అని గ్రుడ్డిగా వేసిన ఓటు వృథా. ఉండియు వేయని ఓటు వృథా.

ఇరువురికిని ఎన్నిక మరునాడు పని ఉన్నది. తక్కువ కీడని ఒకనిని ఎన్నుకొనినవాడు, గెలిపించితిని గదా అని అయిదేండ్లు మౌనముగా ఉండరాదు. అతని తప్పును అందరికంటె ముందు అడుగవలసినవాడు తానే. మూడవవానికి వేసినవాడు, ఓడిపోయితిమి గదా అని ఇంట కూర్చుండరాదు. ఆ చిన్న పక్షము గ్రామసభలో మాటలాడునట్లు, ఊరి పనిలో నిలుచునట్లు చూడవలెను. ఇట్లు చేసినయెడల, వేరు వేరు మీటలు నొక్కిన ఇరువురును ఒకే రోడ్డు కొరకు, ఒకే మంచినీటి చెరువు కొరకు ఒక్క అర్జీ మీద వ్రేలిముద్ర వేయగలరు.

చర్చకు ప్రశ్నలు

(యౌవనుల కూటమిలోను స్త్రీల సమాజములోను చదివి మాటలాడుకొనుటకు)

1. యోతాము కథలో ఒలీవ చెట్టు రాజుగా ఉండుటకు నిరాకరించినది. మన ఊరిలో మంచివారు సర్పంచి పదవికి నిలువకుండుటకు కారణములేవి? వాటిలో సంఘము తీర్పగలవి ఏవి?

2. మన పోలింగు కేంద్రములో గత ఎన్నికలలో మొదటివానికి, రెండవవానికి, మూడవవానికి ఎన్నెన్ని ఓట్లు వచ్చినవి? మూడవవాని ఓట్లు ఆధిక్యముకంటె ఎక్కువయా, తక్కువయా?

3. పట్టభద్రుల ఎన్నికలోవలె 1, 2, 3 అని వేయు పద్ధతి పంచాయతీకి వచ్చినయెడల మన ఊరిలో ఏమి మారును?

4. ఎన్నికల వలన మన సంఘములో మాటలు మానిన కుటుంబములున్నవా? పేర్లు చెప్పకయే, వారిని కలుపుటకు ఎవరు ముందుగా వెళ్లవలెనో ఆలోచింపుడు.